రక్షణ భద్రత వివాదం: బెంగళూరు, తెలుగు సంఘాలు

క్రీస్తునందు నిజంగా విశ్వాసముంచి రక్షణ పొందిన వ్యక్తి తరువాతి కాలంలో ఆ రక్షణను కోల్పోగలడా అన్న ప్రశ్నపై క్రైస్తవ సంఘాల్లో శతాబ్దాలుగా సాగుతున్న సిద్ధాంత చర్చను రక్షణ భద్రత వివాదంగా వ్యవహరించవచ్చు. కోల్పోలేడనే పక్షంలో రెండు ధోరణులున్నాయి. ఒకసారి రక్షణ పొందినవాడు తరువాత ఎలా నడుచుకున్నా రక్షణలోనే ఉంటాడన్నది జనసామాన్యంలో వ్యాపించిన నిత్య భద్రత బోధ. దేవుడు నిజ విశ్వాసిని కడవరకు విశ్వాసంలో నిలుపుతాడు కనుక, పూర్తిగా విడిచిపోయినవాడు మొదటినుంచీ నిజ విశ్వాసి కాడన్నది పరిశుద్ధుల స్థిరత్వమనే కాల్విన్ సంప్రదాయపు బోధ. ఈ రెంటినీ ఒకటిగా చూపే రచనలను జాగ్రత్తగా చదవాలి.

సంస్కరణ కాలం నాటి పత్రాల్లో లూథరన్‌ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, నీతిమంతులుగా తీర్చబడినవారు పరిశుద్ధాత్మను కోల్పోలేరనే వాదాన్ని ఖండించింది. కతోలిక సంఘం 1547లో ట్రెంట్ మహాసభలో దాదాపు అదే నిర్ణయానికి వచ్చి, చావైన పాపంతో పోయిన కృప పాపసంకీర్తనం ద్వారా తిరిగి లభిస్తుందని బోధించింది. 1618–19లో జరిగిన కాల్విన్ సంప్రదాయపు డోర్ట్ సభ మాత్రం స్థిరత్వాన్ని సిద్ధాంతంగా స్థాపించింది. ఆ సభ ఖండించిన పక్షానికి మూలపురుషుడైన అర్మీనియస్ (1560–1609) స్వయంగా ఏమి నమ్మాడన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. అతని అనుచరులు 1610లో సమర్పించిన అయిదు అంశాల్లో ఈ ప్రశ్న మరింత పరిశీలించవలసినదిగానే మిగిలింది కనుక, అర్మీనియస్ దాన్ని తెరిచి ఉంచాడనడమే సమంజసంగా తోస్తుంది. 1751లో జాన్ వెస్లీ రాసిన పుస్తకంతో, విశ్వాసి పడిపోగలడన్నది మెథడిస్టుల సాధారణ బోధ అయింది.

కాల్విన్, వెస్లీ ధారలు రెండూ బెంగళూరుకు ఇంచుమించు ఒకేసారి, 1820–21 ప్రాంతంలో చేరాయి. కాల్విన్ వారసత్వం గల లండన్ మిషన్ ఒకవైపు, వెస్లియన్ మిషన్ మరోవైపు పనిచేశాయి. అవెన్యూ రోడ్డులోని రైస్ స్మారక మందిరం, కార్పొరేషన్ కూడలిలోని హడ్సన్ స్మారక మందిరం ఆ రెండు మిషన్ల గుర్తులు. 1910లో స్థాపితమైన యునైటెడ్ థియలాజికల్ కళాశాలను నడిపిన మిషన్లలో ఈ రెండు సంప్రదాయాలవారూ ఉన్నందువల్ల, భిన్నంగా బోధించే సంఘాల కాబోయే పాదిరులు ఒకే తరగతిలో కూర్చుని చదువుకున్నారు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలను ఏకం చేస్తూ, ప్రాచీన విశ్వాస ప్రమాణాలను ఆధారంగా తీసుకొని వ్యాఖ్యానంలో సముచిత స్వేచ్ఛనిచ్చింది. డోర్ట్ పక్షాన గానీ వెస్లీ పక్షాన గానీ తీర్పు చెప్పలేదు. దీన్ని దాటవేతగా విమర్శించినవారున్నా, తిరుగులేని విషయాలకూ వివాదాస్పద విషయాలకూ మధ్య గీత గీసిన వివేకంగా చూడడం న్యాయం.

బెంగళూరుకు వలస వచ్చిన తెలుగు క్రైస్తవులు తమ తమ ప్రాంతాల బోధను వెంట తెచ్చుకున్నారు. గుంటూరు లూథరన్‌ల మిషన్‌కు 1842లో మిషనరీ హేయర్ రాకతో నాంది పడింది. వారి సంప్రదాయం ప్రకారం విశ్వాసం పోవచ్చు. 1836లో వచ్చిన మిషనరీలు బౌడన్, బీర్ గోదావరి డెల్టాలో నెలకొల్పిన బ్రదరన్ సహవాసాల్లో భద్రత బోధ గట్టిది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు కూడా చాలావరకు స్థిరత్వాన్నే అంగీకరిస్తారు. పెంతెకొస్తు సంఘాల్లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అమెరికా శాఖ 1978లో షరతులు లేని భద్రతను తిరస్కరిస్తూ ఒక ప్రకటన చేసింది. 1975లో బెంగళూరులో మొదలైన క్రిస్టియన్ ఫెలోషిప్ చర్చి ఆరంభకుల్లో ఒకరైన, పూర్వం నౌకాదళ అధికారి అయిన జాక్ పూనెన్ కూడా, పాపంలో కొనసాగుతూ భద్రతను నమ్ముకోవడాన్ని తీవ్రంగా ఎదిరించారు. ఆయన రచనలు తెలుగులోకీ వచ్చాయి.

వాక్యాధారాల్లో యోహాను 10:28–29, రోమా 8:38–39, ఫిలిప్పీ 1:6 భద్రతవాదులకు ప్రధానమైనవి. ఎదుటివారు యోహాను 15:6, 2 పేతురు 2:20–22, అన్నిటికన్నా ముఖ్యంగా హెబ్రీ 6:4–6 చూపుతారు. హెబ్రీ పత్రిక రచనా కాలం క్రీ.శ. 70కి ముందా తరువాతా అన్నది తేలలేదు. వెలిగింపబడి, పరిశుద్ధాత్మలో పాలుపొందినవారంటూ అది వర్ణించేది నిజ విశ్వాసులను కాదని కాల్విన్ సంప్రదాయం చెబుతుంది; ఆ వర్ణన లోతును బట్టి నిజ విశ్వాసులే అన్న వివరణే సహజంగా కనిపిస్తుంది, అయితే అదే అధ్యాయం 9వ వచనంలో పాఠకుల విషయంలో రచయిత వ్యక్తం చేసే ధైర్యాన్నీ విస్మరించరాదు.

ఆచరణలో భేదం సిద్ధాంతంలో ఉన్నంత లేదు. బ్రదరన్ కూడికలో బహిరంగ పాపంలో పడినవారిని కొంతకాలం ప్రభువు బల్లకు దూరంగా ఉంచుతారు: ఆదివారం రొట్టె, పాత్ర వరుసల్లో చేతులు మారుతుండగా ఆ వ్యక్తి తాకకుండా పక్కవారికి విడిచిపెట్టాలి. ఒప్పుకోలు తరువాత పెద్దలు కుడిచేతి సహవాసమిచ్చి మళ్లీ చేర్చుకుంటారు. భద్రత లేదనే పెంతెకొస్తు సంఘంలోనూ ఇంచుమించు ఇదే క్రమం. మొదటివారు ఆ వ్యక్తిని వెనుకంజ వేసిన విశ్వాసి అంటే, రెండోవారు ఆత్మీయంగా ప్రమాదంలో ఉన్నాడంటారు.

తెలుగు ప్రాంతంలో ఈ ప్రశ్నకు మరో ముఖం ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 3వ పేరా ప్రకారం క్రైస్తవ మతం పుచ్చుకున్న దళితులకు షెడ్యూల్డ్ కుల హోదా దక్కదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బీసీ-సి వర్గంలో చేర్చారు. అందువల్ల ధ్రువపత్రంలో హిందువుగా నమోదై, ఆదివారం మందిరానికి వెళ్లే విశ్వాసి క్రీస్తును మనుషుల ఎదుట ఎరుగననడమా అని పాదిరులను అడిగే సందర్భాలుంటాయి. మత్తయి 10:33ను ఇక్కడ యథాతథంగా అన్వయించేవారున్నారు. మూడుసార్లు ఎరుగనని బొంకిన పేతురును యేసు తిరిగి నిలబెట్టిన వృత్తాంతం ముందు ఆ అన్వయం నిలవడం కష్టం. పైగా ఒక కాగితంపై మతాన్ని బట్టి బతుకుతెరువును తీసివేసే నిబంధనను ప్రశ్నించకుండా, దాని కింద నలిగిన మనిషి విశ్వాసాన్ని మాత్రమే తూచడం సబబు కాదు.