దూర ప్రయాణానికి మోటారు సైకిల్‌ను సిద్ధం చేస్తున్నారా?

తెనాలి: పండుగ సెలవులు వచ్చాయంటే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల యువకులు మోటారు సైకిళ్లపై సూర్యలంక తీరానికో, పెనుమూడి-పులిగడ్డ వారధి మీదుగా దివిసీమకో, మరికాస్త ఉత్సాహముంటే శ్రీశైలానికో బయలుదేరడం పరిపాటి. ప్రయాణానికి రెండు రోజుల ముందు సామాను పెట్టెలు, లెగ్‌గార్డులు, అదనపు దీపాలు, సెల్‌ఫోన్ చార్జర్ల కోసం దుకాణాల చుట్టూ తిరగడమూ మామూలే. అయితే దుకాణంలో మెరిసే ప్రతి వస్తువూ మన డెల్టా రోడ్లకు, ఉప్పుగాలికి పనికిరాదు. కొనేముందు రెండు విషయాలు విచారిస్తే చాలు. కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలకే అది బిగుస్తుందా? దాని కోసం బండి అసలు వైరును కోయవలసి వస్తుందా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తేనే డబ్బు తీయడం మంచిది.

చీర గార్డు తీయవద్దు

పక్కపెట్టెలు బిగించేందుకు అడ్డు వస్తోందని చాలామంది మొదట చేసే పని వెనుక చక్రం పక్కనున్న చీర గార్డును విప్పి పారేయడం. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పు. వెనుక కూర్చునే వారి కోసం చేతిపట్టు, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ కవచం ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 123వ నిబంధన చెబుతోంది. చీర కొంగు, చున్నీ, పంచె అంచు చక్రంలో చిక్కుకుంటే జరిగేదేమిటో మన ప్రాంత ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు. కవచం ఉన్నచోటే దానిపై బిగించుకునే చట్రాలు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. అవి దొరకకపోతే సీటుపై అడ్డంగా వేసే గుడ్డ సంచులు వాడుకోవచ్చు గానీ కవచం మాత్రం తీయకూడదు.

గుడ్డ సంచులు వేసేవారు సైలెన్సర్ వైపు తప్పక చూసుకోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు దూరంగా కనిపించే సంచి బట్టలు నింపి గుంతలో ఒక్క ఊపు ఊగితే సైలెన్సర్‌ను తాకి కాలిపోతుంది. సంచికి, సైలెన్సర్‌కు నడుమ ఇనుప చట్రం ఉండాలి. బరువైన వస్తువులు అడుగున, సీటుకు దగ్గరగా పెట్టి, రెండు వైపులా బరువు సమానంగా సర్దాలి. వెనుక చక్రం ఇరుసు దాటి వెనక్కు వేసిన బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. అప్పుడు వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. అందుకే వెనుక పెట్టెలో వాన కోటు, మందుల వంటి తేలిక సరుకే ఉంచాలి. నడిపేవారు, వెనుక కూర్చున్నవారు, సామాను, పెట్టెల బరువు అంతా కలిపి కంపెనీ పుస్తకంలో ఇచ్చిన పరిమితి దాటరాదు. బరువుతో వెళ్లేటప్పుడు టైర్లలో ఎంత గాలి ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉండగానే గాలి చూసుకోవాలి. పెట్టెలు బిగించాక వెనుక దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు వెనుక వచ్చేవారికి కనిపిస్తున్నాయో లేదో పదడుగుల దూరం నుంచి ఒకసారి చూడడం మరువరాదు.

దీపాలు, వైర్లు

డిసెంబరు, జనవరి నెలల్లో కాలువ గట్ల వెంట తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. రాత్రివేళ వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డుపై ఆరబోసిన ధాన్యం రాశులు ఉండనే ఉంటాయి. కనుక అదనపు దీపాల అవసరం నిజమే. అయితే మంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని గోడ తప్ప మరేమీ కనిపించదు. హెడ్‌లైట్ కంటే కింద బిగించి, నేల వైపు వంచిన దీపాలే ఉపయోగపడతాయి. ఎదుటివారి కళ్లలో కొట్టే తెల్ల దీపాలు బిగించుకుని ఇరుకు రోడ్లపై తిరగడం ఇతరులను కాలువలోకి తోయడమే.

రెండు 20 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు 12 వోల్టులపై సుమారు 3.3 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. దీనికి 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఈ కరెంటు హెడ్‌లైట్ వైరు నుంచి కాక బ్యాటరీ నుంచి నేరుగా, రిలే ద్వారా రావాలి. అప్పుడు భారం హ్యాండిల్ స్విచ్‌పై పడదు. ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి. పని మొదలుపెట్టే ముందు నెగటివ్ తీగను విప్పి, చివరన తిరిగి బిగించాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టి వదిలే పద్ధతిని ఒప్పుకోవద్దు. మన ఉప్పుగాలికి కొన్ని నెలల్లోనే రాగికి పచ్చని చిలుము పట్టి, అతుకు వేడెక్కుతుంది. టంకం వేయించి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించాలి. హ్యాండిల్‌ను రెండు చివరల వరకు తిప్పి చూసి, వైరు బిగుసుకోకుండా వదులు ఉంచాలి.

సెల్‌ఫోన్ చార్జరుకు కరెంటు పెద్దగా అవసరం లేదు. ఇంజిను వణుకుతోనే చిక్కు. మోటారు సైకిల్ ఇంజిను కంపనాల వల్ల ఫోను కెమెరా దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థ 2021లోనే హెచ్చరించింది. ఖరీదైన ఫోనును హ్యాండిల్‌కు తగిలించదలచినవారు కంపనాలను తగ్గించే రబ్బరు బిగింపు ఉన్న స్టాండు కొనాలి, లేదా జేబులో పెట్టుకుని దారి అడుగుతూ వెళ్లాలి. రెండో పద్ధతిలో టీ దుకాణాల పరిచయం కూడా లభిస్తుంది.

ఉప్పుగాలి, ఇసుక

సూర్యలంక, నిజాంపట్నం వైపు తరచూ వెళ్లేవారు నాసిరకం క్రోమ్ పూత లెగ్‌గార్డులు కొనకపోవడమే మేలు. వెల్డింగ్ అతుకుల వద్ద, బోల్టుల వద్ద తుప్పు మొదలై, పడినప్పుడు కాలును కాపాడవలసిన గొట్టమే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులకు గ్రీజు రాసి బిగించాలి. లెగ్‌గార్డు ఛాసిస్‌కు బిగిసి ఉండాలి. ఇసుకలో సైడ్‌స్టాండు దిగబడి బండి పడిపోకుండా స్టాండు అడుగున వెడల్పాటి రేకు బిళ్ల వేయించుకోవడం చవకైన ఉపాయం. తీరం నుంచి వచ్చిన రోజే బండిని మంచినీటితో కడిగి, ఆరాక గొలుసుకు నూనె వేయాలి. వారధిపై పక్కగాలి తోస్తుంది. ఎత్తయిన అద్దం, వెడల్పు పెట్టెలు ఉన్నవారు అక్కడ వేగం తగ్గించాలి.

చట్టం సంగతి

తయారీదారు నిర్దేశించిన నిర్మాణానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పులు చేసే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రకరకాల స్వరాలు పలికే హారన్లు నిషిద్ధం. హెల్మెట్‌పై ఐఎస్ఐ గుర్తు ఉండాలి, వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. ముఖ కవచం తెల్లగా, పారదర్శకంగా ఉండేది ఎంచుకోవాలి. పొద్దుగూకాక వరిచేల నుంచి లేచే పురుగులు కళ్లలో పడకుండా అదే కాపాడుతుంది.

అన్నీ బిగించాక ఆ రోజే శ్రీశైలం బయలుదేరవద్దు. సామాను నింపి తెనాలి నుంచి రేపల్లె వరకు ఒకసారి వెళ్లి రావాలి. తిరిగి వచ్చాక ప్రతి బోల్టునూ పానాతో మళ్లీ బిగించి చూడాలి. కొత్త చట్రాల బోల్టులు మొదటి ప్రయాణంలోనే ఎక్కువగా వదులవుతాయి.