కెనడా ఆదివాసీ వసతి బడుల ఛాయాచిత్రాలు

కెనడా ప్రభుత్వ సొమ్ముతో క్రైస్తవ సంఘాలు నడిపిన ఆదివాసీ వసతి బడుల్లో, 19వ శతాబ్ది చివరి నుంచి తీసిన ఫొటోలివి. వీటిలో ఎక్కువ భాగం పాదిరీలో, మిషన్లో, ప్రభుత్వ శాఖో తీయించినవే. బడి బాగా నడుస్తోందని పైవారికీ, చందాదారులకూ చూపించడానికి పనికొచ్చేవి.

ఇలాంటి బడుల్లో బ్రాంట్‌ఫోర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ 1831 నాటిది. 1883 నుంచి ప్రభుత్వం పిల్లల్ని ఇళ్లకు దూరంగా ఉంచి చదివించే ఈ విధానాన్ని పెద్దయెత్తున చేపట్టింది. 1990ల చివరిదాకా సుమారు 1,50,000 మంది పిల్లలు ఈ బడుల్లో గడిపారు. బడుల్లో సగానికి పైగా కాథలిక్కులవి, తక్కినవి ఎక్కువగా ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ సంఘాలవి.

అన్నిటికన్నా పేరుపడ్డవి థామస్ మూర్ కీసిక్ అనే బాలుడి జంట చిత్రాలు. ముస్కోపెటంగ్ ఆదివాసీ రిజర్వుకు చెందిన ఈ పిల్లవాణ్ణి ప్రెస్బిటేరియన్లు నడిపిన రెజైనా పారిశ్రామిక బడిలో 1891లో చేర్చారు. అప్పటికి ఎనిమిదేళ్లు, రిజిస్టరులో 22వ సంఖ్య. మొదటి చిత్రంలో జడలు, పూసల బట్టలు, వెనక జంతుచర్మం, చేతిలో పిస్తోలు. రెండో దానిలో కత్తిరించిన జుట్టు, బడి కోటు, మోచేతి కింద స్టూడియో పిట్టగోడ, పక్కన మొక్క కుండీ. ఇండియన్ (అంటే ఆదివాసీ) వ్యవహారాల శాఖ 1896 వార్షిక నివేదికలో ఈ రెంటినీ బడికి ముందు, బడి తర్వాత అన్నట్టు అచ్చువేసింది. ఎనిమిదేళ్లవాడి చేతికి పిస్తోలు ఇచ్చిందెవరో ఊహించడం కష్టం కాదు: రెండూ ఏర్పాటు చేసిన దృశ్యాలే. క్షయ సోకిన థామస్‌ను ఇంటికి పంపేశారు. 12 ఏళ్లకే మరణించాడని చెబుతారు. ఆ ముచ్చట నివేదికకు ఎక్కలేదు.

ఈ జంట చిత్రాల పద్ధతికి అమెరికాలోని కార్లైల్ బడి దారిచూపింది. అది చర్చిది కాదు, ప్రభుత్వానిది. జాన్ చోట్ అక్కడ తీసిన టామ్ టొర్లినో అనే నవాహో యువకుడి చిత్రాల్లో చర్మం రంగు సైతం మారినట్టు కనిపిస్తుంది. వెలుతురు అమరికే అందుకు కారణమని పరిశీలకుల మాట.

తీసినవారు అనుకోని సంగతులనూ కొన్ని చిత్రాలు పట్టేశాయి. కపెల్ బడి దగ్గర తీసిన ఒక చిత్రంలో కంచె బయట గుడారాలున్నాయి. పిల్లల్ని చూడవచ్చిన తల్లిదండ్రుల మకాం అది. 1922లో ఫోర్ట్ సింప్సన్ బడి పిల్లలు తలా ఒక ఇంగ్లీషు అక్షరం పట్టుకుని ‘గుడ్‌బై’ అని చూపుతూ నిలబడ్డారు. 15 బడుల లెక్కల్లో 1,537 మంది పిల్లల్లో దాదాపు నాలుగో వంతు చనిపోయారని 1907లోనే ప్రభుత్వానికి చెప్పిన వైద్యాధికారి పీటర్ బ్రైస్, ఉద్యోగం పోయాక తన వాదనను సొంతంగా పుస్తకంగా వేసింది కూడా ఆ 1922లోనే.

పాత చిత్రాల కింద బడి పేరు, తేదీ ఉంటాయి, పిల్లల పేర్లు చాలావాటికి ఉండవు. ఈ బడులపై విచారణ జరిపిన సత్యశోధన, సయోధ్య సంఘం 2015లో నివేదిక ఇచ్చాక, అది సేకరించిన చిత్రాలు విన్నిపెగ్‌లోని మానిటోబా విశ్వవిద్యాలయ కేంద్రానికి చేరాయి. అంతకుముందే 2002లో, జాతీయ అభిలేఖాగారం ఉత్తరాది ఆదివాసులైన ఇన్యూట్‌లతో కలిసి పాత ఫొటోల్లోనివారి పేర్లు వెతికే పథకం మొదలుపెట్టింది. యువకులు లాప్‌టాప్‌లలో పాత ఫొటోలు తీసుకెళ్లి పెద్దలకు చూపిస్తే, వారు ముఖాలను గుర్తుపట్టి పేర్లు చెప్పేవారు.