ఎక్కడ ఆగిందో కనుక్కోవడం: సింప్యూటర్ నుంచి మన సంఘం గది దాకా



ఉగాదికి వారం ముందు మన సంఘం గదిలోని చిన్న కంప్యూటర్ లేవలేదు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై బోర్డు అది. మన పెద్దల మాటల రికార్డింగులన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పెద్దల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. "కొత్తది కొనేద్దాం అంకుల్" అన్నారు పిల్లలు. బోర్డు దొరుకుతుంది, ఆ గొంతులు ఏ అంగట్లో దొరుకుతాయి?

బాగుచేద్దామని కూర్చుంటే పాత సంగతి గుర్తొచ్చింది. లినక్స్‌తో నడిచే చేతి కంప్యూటర్‌ను మన బెంగళూరులోనే ఎప్పుడో చేశారు. 1998లో ఇక్కడ జరిగిన ఒక సదస్సులో ఆలోచన పుట్టింది. 1999లో సింప్యూటర్ ట్రస్టు ఏర్పడింది. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన స్వామి మనోహర్, విజయ్ చంద్రు, వి. వినయ్, రమేశ్ హరిహరన్‌లతో పాటు ఎన్‌కోర్ సంస్థ వినయ్ దేశ్‌పాండే అందులో ముఖ్యులు. 2001 ఏప్రిల్‌లో నమూనా చూపించారు. 206 మెగాహెర్ట్జ్ స్ట్రాంగ్ఆర్మ్ చిప్పు, 32 ఎంబీ మెమరీ, లినక్స్. ధర 9,000 రూపాయల దగ్గర ఉండాలన్నది లక్ష్యం. చదవలేనివారికి మన భాషల్లో చదివి వినిపించాలన్నది ఆశ.

మేము చదివింది తమిళ మాధ్యమం. ఉద్యోగానికి ఈ ఊరొచ్చి కన్నడ బోర్డుల ముందు నిలబడ్డప్పుడు, అక్షరం తెలియకపోతే మనిషి ఎంత చిన్నబోతాడో అనుభవించాం. అందుకే ఆ ఆశ మా మనసుకు పట్టింది.

2004లో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో కలిసి అమిడా అనే రకం అమ్మకానికి తెచ్చారు. కానీ అమ్ముడైనవి కొన్ని వేలే. ఈలోగా సెల్‌ఫోన్లు చవకయ్యాయి. మా ఉద్దేశంలో ఇంకో కారణం కూడా ఉంది. అది ఆగిపోతే పక్కింట్లో బాగుచేసేవాడు లేడు. 2012 ఫిబ్రవరి 29న వచ్చిన రాస్ప్‌బెర్రీ పైదీ లినక్సే, ఆర్మ్ వంశపు చిప్పే. కానీ దాని చుట్టూ లక్షల మంది చేరి, ప్రతి జబ్బుకూ మందు రాసిపెట్టారు.

ఆ మందు మా రైల్వే పద్ధతి లాంటిదే. ఒంటి లైను మీద టోకెన్ చేతికందనిదే డ్రైవరు బండి కదల్చేవాడు కాదు. బండి రాకపోతే, చివరిగా ఏ స్టేషను దాటిందో అడుగుతాం. బోర్డూ అంతే. చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాము బూట్ ఫైళ్ళను పిలుస్తుంది, అవి కెర్నల్‌ను, కెర్నల్ డిస్కును. ఎర్ర దీపం కరెంటుకు, పచ్చ దీపం కార్డుకు. పచ్చ దీపం నాలుగేసి సార్లు మెరిస్తే బూట్ ఫైలు దొరకలేదని, ఏడేసి సార్లయితే కెర్నల్ దొరకలేదని అర్థం.

మనదాంట్లో కెర్నల్ దాకా వచ్చింది, డిస్కు దగ్గర ఆగింది. తెర మూలన మెరుపు గుర్తు కూడా కనిపించింది. వోల్టేజి సుమారు 4.63 కన్నా పడిపోతే వచ్చేది అది. ఎవరిదో పాత ఫోను ఛార్జరు పెట్టాం. పైగా రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేయకుండా స్విచ్చి కట్టేశాం. తప్పు మనదే. కార్డు తీసి, ముందుగా మొత్తం నకలు తీశాం. ఆ తర్వాతే నకలు మీద ఫైల్ సిస్టమ్ తనిఖీ నడిపి, కొత్త కార్డుకు ఎక్కించాం. లేచింది.

కానీ నెట్టు రాలేదు. చిరునామా 169.254తో మొదలైంది. అది రౌటరు ఇచ్చింది కాదు, జవాబు రాక బోర్డు తనకు తానే పెట్టుకున్నది. కేబుల్ క్లిప్పు విరిగి ఉంది. మార్చగానే సరిపోయింది. రౌటరు దాకా పలుకుతోందా, బయటి అంకె చిరునామా పలుకుతోందా, పేరుతో పిలిస్తే పలుకుతోందా అని వరసగా చూడాలి. అంకెకు పలికి పేరుకు పలకకపోతే లోపం డీఎన్ఎస్‌లో.

ఉగాది నాడు ఆ ఇద్దరి గొంతులూ వినిపించాం. వాళ్ళ పిల్లలు చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

ఈ విద్య మాతోనే పోకూడదు. కనీసం ముగ్గురు నేర్చుకోండి, వచ్చే ఆదివారం నుంచి గదిలోనే ఉంటాం. ఎవరి అటక మీదైనా పాత సింప్యూటర్ ఉంటే తీసుకురండి, ఎక్కడ ఆగిందో చూద్దాం. రాతలో తప్పులుంటే దిద్దండి.