హార్మనీ ఓడ

నాయీను అనగానే పాడెమీదనుండి లేచి కూర్చుండిన విధవరాలి కుమారుడు మనకు జ్ఞాపకము వచ్చును. ఆ పేరుగల రేవు మరియొకటి కెనడా దేశపు ఈశాన్యమున, లాబ్రడారు తీరమున గలదు. నేటికిని దానికి రోడ్డు లేదు. చుట్టును నిర్జనమైన కొండలు, బండరాళ్లు. వేసవిలో ఓడమీదనో, లేక చిన్న విమానములోనో చేరవలెను. ఏటిలో ఇంచుమించు సగము కాలము అక్కడ సముద్రము గడ్డకట్టి యుండును.

1752లో అక్కడికి పోయిన మొరేవియను సహోదరుడు ఎర్హార్టు చంపబడెను. అయినను సహోదరులు మానక, 1771లో నాయీనును స్థాపించిరి. (1760లో మన తరంగంబాడికి వచ్చినవారును ఈ సంఘమువారే.) తరువాత ఉత్తరమున ఓకాకు, హెబ్రోను అను స్థలములు వెలసెను. ఏటేటా ఒక మిషను ఓడ పిండి, బట్టలు, ఉత్తరములు తెచ్చుచుండెను. ఆ ఓడలలో పెక్కింటికి హార్మనీ అని పేరు. తెరచాప కనబడగానే ఇనుయిట్లు పరుగున రేవునకు వచ్చెడివారు. సంవత్సరమంతటికి అదియే వారి పండుగ.

1918 శరత్కాలమున ఆ ఓడయే ఇన్‌ఫ్లూయెంజాను తెచ్చెను. ఎవరును కోరి తేలేదు, నిజమే. సరకు దింపినవారు సీలు జంతువుల వేటకు తీరమెల్ల చెదరిపోయిరి. జ్వరము వారితో కూడ పోయెను. ఓకాకులో సుమారు 260 మందిలో 200 మందికి పైగా చనిపోయిరి. గుడిసెలలో శవములను ఆకలిగొన్న కుక్కలు తినెను. మిగిలిన స్త్రీలు గడ్డకట్టిన నేలను త్రవ్వి పెద్ద గోతిలో తమవారిని పాతిపెట్టిరి. హెబ్రోనులో 100 మందిలో 86 మంది పోయిరి. మరుసటి యేడు ఓకాకు మూతపడెను. మేలుతెచ్చు చేతులే కీడును మోసికొని వచ్చిన ఈ సంగతిని మిషను చరిత్ర వ్రాయువారు దాటిపోరాదని నా తలంపు.

హెబ్రోను తిరిగి కొంత కోలుకొనెను. కాని 1959లో ఈస్టరు మరునాడు జనులను గుడిలోనికి పిలిచి, మిషనును అంగడియు మూయబడునని చెప్పిరి. గుడిలో ఎదురు పలుకుట ఆ జనుల మర్యాద కాదు. మౌనముగా విని యిండ్లకు పోయిరి. ఆ యేడే ఊరు ఖాళీ ఆయెను. కుటుంబములు నాయీనునకును, దక్షిణపు ఇతర గ్రామములకును చెదరెను. పెక్కుమందికి అక్కడ సరియైన యిల్లును దొరకలేదు, వేటస్థలములును దొరకలేదు. 2005లో ఆ రాష్ట్ర ప్రభుత్వము వారిని క్షమాపణ కోరెను.

హెబ్రోనులోని పొడుగాటి గుడికట్టడము నేటికిని నిలిచియున్నది. వేసవిలో నాయీను నుండి పడవమీద సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరమునకు పోయి దానిని చూడవచ్చును. అక్కడ పుట్టినవారి బిడ్డలు వచ్చి, దాని పలకలు బాగుచేయుచున్నారు.