నమూనాలో నౌపడ కూడలి

ఒక నిజమైన రైలుమార్గానికి నమూనా నిర్మింపదలచినవారు స్థలముతోపాటు కాలమును కూడా ముందే నిర్ణయించుకోవాలి. పర్లాకిమిడి చిన్నరైలు ఇందుకు చక్కని తార్కాణం.

గౌరచంద్ర గజపతి చొరవతో 1900లో నౌపడ నుండి పర్లాకిమిడి వరకు, సుమారు 40 కిలోమీటర్ల మేర, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలపై ఈ రైలు నడక ప్రారంభించింది. తరువాత దానిని గుణుపురం వరకు పొడిగించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. నౌపడ మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. నడుమ ఎల్ల ఏర్పడినా రైలు ఆగలేదు.

87వ వంతు కొలతలో ఆ 40 కిలోమీటర్లే 460 మీటర్లవుతాయి. ఏ గదిలోనూ ఇమడవు. కనుక నౌపడ కూడలి నొక్కదానినే ఎన్నుకొనుట వివేకం. అక్కడ హౌరా–మద్రాసు ప్రధానమార్గపు 1676 మి.మీ. పట్టాలను 762 మి.మీ. చిన్నపట్టాలు కలిసేవి. నమూనాలో చిన్నవాటికి అంగడిలో దొరికే 9 మి.మీ. పట్టాలు ఇంచుమించు సరిపోతాయి. పెద్దవాటికి 19.3 మి.మీ. వెడల్పు కావాలి. అంగడిలోని 16.5 మి.మీ. పట్టాలు 1435 మి.మీ. విదేశీ మార్గాలకు ఉద్దేశించినవి. వాటిని పరిస్తే మన పెద్దరైలు ఠీవి తగ్గిపోతుంది. వాటిని చేతితో చేసుకొనడమే మేలు.

2004లో చిన్నరైలు నిలిచిపోయింది. 2011 నాటికి గుణుపురం వరకు బ్రాడ్‌గేజి వచ్చింది. ఇక పాత ఛాయాచిత్రాలు, ఆ రైలెక్కిన పెద్దల జ్ఞాపకాలే కొలబద్దలు. ఆ పెద్దలుండగానే అడిగి గీసుకొన్న పటమే నమూనాకు పునాది.