జెలటిన్ రహస్యం – కొడాక్ కెమెరా చరిత్ర

ఛాయాచిత్రానికి మూలాధారం వెండి లవణాలు. వెలుతురు సోకితే అవి మార్పు చెందుతాయి. వాటిని గాజుపలకపై పట్టి ఉంచేది జెలటిన్. దీనిని పశువుల ఎముకలనుండి, తోళ్లనుండి తీస్తారు. 1886లో రాజా దీనదయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పేనాటికి గాజుపలకలే వాడుకలో ఉండేవి. బరువైన పెట్టెను, పగిలిపోయే పలకలను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి దూరపు ఊళ్లకు మోసుకొనిపోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఈ కష్టాన్ని తొలగించడానికి పూనుకొన్నవాడు అమెరికాలో రాచెస్టర్ నగరపు బ్యాంకు గుమాస్తా జార్జ్ ఈస్ట్‌మన్ (1854–1932). 1881లో ఆయన పలకల కంపెనీ స్థాపించాడు. మరుసటి సంవత్సరమే ఆపద వచ్చిపడింది. అమ్మిన పలకలు పనికిరాకుండా పోయాయి. వాటిని వెనుకకు తీసుకొని కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. ఎన్నో ప్రయోగాల మీదట లోపం జెలటిన్‌లోనే ఉన్నదని తేలింది. కాని ఒక జెలటిన్ మంచిది, మరొకటి చెడ్డది ఎందుకవుతుందో ఆనాడు ఎవరికీ అంతుపట్టలేదు.

ఈస్ట్‌మన్ వెనుదీయలేదు. 1888లో కొడాక్ కెమెరా వెలువడింది. దాని వెల 25 డాలర్లు. అందులోని ఫిలిముచుట్టపై 100 చిత్రాలు తీయవచ్చు. అవి పూర్తయిన తరువాత కెమెరాను ఫ్యాక్టరీకి పంపితే, 10 డాలర్లకు చిత్రాలు కడిగి, కొత్త ఫిలిము నింపి తిరిగి పంపేవారు. 1900లో ఒక డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చింది. ‘కొడాక్’ ఏ భాషలోనూ అర్థం లేని కల్పితపదం. మన కోదాడకూ దానికీ పోలిక తప్ప సంబంధం లేదు.

జెలటిన్ చిక్కును 1925లో కొడాక్ పరిశోధనాలయ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ షెపర్డ్ విప్పాడు. ఆవమొక్కలు మేసిన పశువులనుండి జెలటిన్‌లోకి గంధక సమ్మేళనాలు అతిస్వల్పంగా చేరుతాయి. అవి వెండి బ్రోమైడు స్ఫటికాలపై వెండి సల్ఫైడు చుక్కలను ఏర్పరచి, కాంతికి స్పందించే శక్తిని పెంచుతాయి. అంటే జెలటిన్ మరీ శుద్ధమైనా ఫిలిము మందగిస్తుందన్నమాట!

1975లో ఈ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసనే డిజిటల్ కెమెరా నిర్మించాడు. అయినా ఆ మార్పును తట్టుకోలేక 2012లో కంపెనీ దివాలా రక్షణ కోరి, 2013లో తిరిగి నిలదొక్కుకొంది.

విద్యార్థులు ఆవాలను నీటితో నూరి వాసన చూస్తే ముక్కు మండుతుంది. ఆ ఘాటుకు కారణం అల్లైల్ ఐసోథయోసైనేట్ అనే గంధక సమ్మేళనం. ఫిలిముకు చురుకునిచ్చిన పదార్థం దీనికి దగ్గర చుట్టమే.