మంచం ఎప్పుడు మందైంది?

తెలుగులో ‘మంచం పట్టడం’ మంచి మాట కాదు. ఆ మనిషి మళ్ళీ లేస్తాడో లేదో అన్న భయం ఆ మాటలోనే ఉంది. అదే గర్భిణి విషయంలో మాత్రం మంచం ఒక జాగ్రత్త, ఒక ముద్దు. ‘వట్టి మనిషి కాదు, పడుకోనివ్వండి’ అంటారు. కడుపులో ఇద్దరున్నారని స్కానింగులో తేలితే ఇక చెప్పక్కర్లేదు. జంట అరటిపండు తిన్నావా అని వేళాకోళమాడే అత్తయ్యలూ, పక్కింటివాళ్ళూ, కొందరు డాక్టర్లూ అందరూ ఒక్క మాట మీదికి వచ్చే అరుదైన సందర్భం అది: కాలు కింద పెట్టొద్దు.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో, దాని వెనక ఏ ఆధారం ఉందో కొంతకాలం వెతికాను. ఉబుసుపోక మొదలుపెట్టిన పని కాదు. కవలల కోసం హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో ముప్పై తొమ్మిది రోజులున్నాను. నాది ఇంజనీరింగు చదువు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వైద్యం నా విషయం కాదు. కానీ ఒక పద్ధతి ఎందుకు వచ్చిందో, పనిచేయదని తేలాక కూడా ఎందుకు పోలేదో అడగడం నా రోజువారీ పనే.

*

ప్రసూతి ఆసుపత్రులు కొత్తవేం కావు. డబ్లిన్‌లో బార్తలోమ్యూ మోస్ పేద తల్లుల కోసం ఆసుపత్రి తెరిచింది 1745లో. కానీ అలాంటి చోట్ల మంచం పురిటి కోసం. నొప్పుల వేళకి రావాలి, కనాలి, కోలుకుని వెళ్ళాలి. కాన్పుకి వారాల ముందే గర్భిణిని చేర్చుకోవడమన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. 1901లో ఎడింబరో డాక్టర్ జె. డబ్ల్యు. బాలంటైన్, గర్భిణులకు ప్రత్యేకంగా ఆసుపత్రి కావాలని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వాదించాడు. ఆ ఏడాదే అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో గర్భిణుల కోసం ఒకే ఒక మంచం వేశారు. దాని పేరు ‘హామిల్టన్ మంచం’. ఇవాళ్టి యాంటీనేటల్ వార్డులన్నీ ఆ ఒక్క మంచం సంతానమే అనుకోవచ్చు.

అంతకుముందే, 1895లో, పారిస్‌లో అడాల్ఫ్ పినార్ అనే ప్రసూతి వైద్యుడు ఒక లెక్క తీశాడు. కాన్పు రోజు దాకా ఒళ్ళు వంచి పనిచేసిన ఆడవాళ్ళ పిల్లల బరువు ఒక పక్క, చివరి రోజుల్లో ఆశ్రయంలోనో ఆసుపత్రిలోనో ఉండి విశ్రాంతి తీసుకున్నవాళ్ళ పిల్లల బరువు ఇంకో పక్క. విశ్రాంతి దొరికినవాళ్ళ పిల్లలు సగటున సుమారు మూడు వందల గ్రాములు ఎక్కువ తూగారు. పుట్టిన బిడ్డకి మూడు వందల గ్రాములంటే చాలా తేడా.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న ఎదురైంది. ఆ గ్రాములు దేని పుణ్యం? పినార్ చూసింది కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ళని. ఆశ్రయంలో వాళ్ళకి దొరికింది వేళకి తిండి, తలదాచుకునే చోటు, చాకిరీ నుంచి విడుదల. ఇన్నిటిలో మంచం వాటా ఎంత? ఆ లెక్క ఈ ప్రశ్నకి జవాబు చెప్పదు.

కానీ ఆ లెక్కని ఇద్దరు రెండు రకాలుగా విన్నారు. చట్టం ‘సెలవు’ అని విన్నది. 1913లో ఫ్రాన్స్ ప్రసూతి సెలవు చట్టం తెచ్చింది. మన దగ్గర 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి భృతి బిల్లు చర్చకు వచ్చినప్పుడు, స్త్రీల శ్రమతో లాభపడే యజమాని ఆ భారంలో కొంత మొయ్యాల్సిందేనని అంబేద్కర్ మాట్లాడారు. బిల్లు 1929లో చట్టమైంది. మన ఇళ్ళల్లో చట్టాలతో పని లేకుండా ఉన్న ఏర్పాటు పుట్టిల్లు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతుర్ని తీసుకెళ్ళడం వెనక ముహూర్తాలూ చీరలూ ఎన్నున్నా, అసలు సంగతి ఒకటే: అత్తింటి చాకిరీ నుంచి సెలవు. పుట్టింట్లో ఎవరూ ఆమెని మంచానికి కట్టెయ్యరు.

వైద్యం మాత్రం ‘మంచం’ అని విన్నది.

*

అలా వినడానికి వైద్యానికి ముందు నుంచే ఒక అలవాటుంది. 1860ల్లో లండన్ సర్జన్ జాన్ హిల్టన్ విశ్రాంతే గొప్ప చికిత్స అని ఉపన్యాసాలిచ్చి పుస్తకం వేశాడు. తర్వాత అమెరికాలో వీర్ మిచెల్ ‘రెస్ట్ క్యూర్’ అనే పద్ధతి పెట్టాడు. నరాల నీరసం ఉందన్న ఆడవాళ్ళని వారాల తరబడి మంచం మీదే ఉంచి, పాలూ మాంసమూ పట్టించి, చదువూ రాతా మాన్పించేవాడు. అలాంటి జబ్బే ఉన్న మగవాళ్ళకి ఆయన చెప్పిన మందు పశ్చిమ అమెరికా వెళ్ళి గుర్రాలెక్కి తిరగమని! 1887లో ఆయన చికిత్సకి వెళ్ళిన రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ఆ అనుభవం లోంచి ‘ద యెల్లో వాల్‌పేపర్’ కథ రాసింది. అది 1892లో అచ్చయింది. దాన్ని మనం మామూలుగా ఒక స్త్రీ మనసు చెదిరిపోయిన కథగా చదువుతాం. వార్డులో ఉండగా నాకది ఒక మందుచీటీ కథలా అనిపించింది. ఆ మందుకి మోతాదు లేదు, గడువు లేదు. పనిచేయకపోతే తప్పు రోగిదే.

మంచాన్ని అనుమానించిన డాక్టర్లూ లేకపోలేదు. 1947లో లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్, మంచం ఎక్కడం వల్ల వచ్చే ప్రమాదాల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కండ కరగడం, ఎముక గుల్లబారడం, పుండ్లు పడటం అన్నీ వరసగా చెప్పాడు. చాలా జబ్బుల విషయంలో వైద్యం ఆ మాట నెమ్మదిగా విన్నది. గర్భిణుల విషయంలో వినలేదు.

కవలల దగ్గర భయం నిజమైనదే. సగానికి పైగా కవలలు ముప్పై ఏడు వారాలు నిండకుండానే పుడతారు. స్వీడన్‌లోని మాల్మోలో 1970ల్లో గర్భిణులందరికీ అల్ట్రాసౌండ్ చేసి కవలల్ని ముందుగా కనిపెట్టడం మొదలుపెట్టారు. కవలలున్నవాళ్ళని వారాల తరబడి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. శిశు మరణాలు బాగా తగ్గాయి. దాంతో మంచం గెలిచిందనుకున్నారు. మా భాషలో చెప్పాలంటే, ఒకే రిలీజులో పది మార్పులు పెట్టి, యాప్ వేగం పెరగ్గానే నాకిష్టమైన మార్పుకి పేరు కట్టెయ్యడం లాంటిది ఇది. ముందుగా కనిపెట్టడం, దగ్గరగా చూడటం, పుట్టాక చేసే వైద్యం, అన్నీ ఆ రోజుల్లోనే మెరుగవుతున్నాయి.

1979లో ఆర్చీ కాక్రన్ అనే వైద్యుడు, సరైన పరీక్ష లేకుండా పద్ధతులు పాటించడంలో అన్నిటికన్నా వెనకబడిందంటూ ప్రసూతి వైద్యానికి ఆఖరి బహుమతి ప్రకటించాడు. ఇంగ్లీషువాళ్ళ ఆచారం ప్రకారం ఒక చెక్క గరిటె! ఆ వెక్కిరింత ఊరికే పోలేదు. జింబాబ్వే రాజధాని హరారేలో కవలల గర్భిణులు 212 మందిని లాటరీ పద్ధతిన రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని ముప్పై రెండో వారం నుంచి ఆసుపత్రిలో ఉంచారు. రెండో గుంపుని ఇంటి దగ్గరే ఉండనిచ్చారు. ఫలితాలు 1985లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆసుపత్రి గుంపులో నెలలు నిండని కాన్పులు తగ్గలేదు సరికదా, ఎక్కువయ్యాయి. తర్వాత హరారేలోనే కరోలిన్ క్రౌథర్ చేసిన పరీక్షల్లో, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ పిల్లల ఎదుగుదల కాస్త మెరుగన్న సూచన కనపడింది. అంతకుమించి లాభమేమీ తేలలేదు. 2017లో ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రన్ సమీక్ష కూడా, కవలల తల్లులందరికీ మంచం రాయడానికి ఆధారం లేదనే చెప్పింది.

హరారే వ్యాసం రాసినవాళ్ళలో ఇయాన్ చామర్స్ ఒకరు. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో కాక్రన్ పేరుతో కేంద్రం పెట్టింది ఆయనే. ఆ సంస్థ ముద్రలో కనపడే గీతలు మరో ప్రసూతి కథ చెప్తాయి. నెలలు నిండకుండా కనబోయే తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని 1972లోనే న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ చూపించారు. అది అన్నిచోట్లా మామూలు కావడానికి ఇరవయ్యేళ్ళు పైనే పట్టింది. రుజువైన ఇంజక్షన్ వాకిట్లో నిలబడి ఉంటే, రుజువు లేని మంచానికి లోపల పీట వేశారన్నమాట.

*

మరి నేను ముప్పై తొమ్మిది రోజులు ఎందుకున్నాను?

నా పిల్లలిద్దరూ ఒకే ఉమ్మనీటి సంచిలో ఉన్నారు. ఒకే పోలిక కవలల్లో నూటికి ఒక జంటకి ఇలా జరుగుతుంది. మధ్యలో పొర ఉండదు కాబట్టి బొడ్డుతాళ్ళు ఒకదానికొకటి చుట్టుకుంటాయి. ఎప్పుడు బిగుసుకుంటాయో ఎవరూ చెప్పలేరు. అందుకే ఇరవై ఎనిమిదో వారంలో చేరి, రోజుకి మూడుసార్లు గుండెచప్పుళ్ళు చూపించుకుని, ముప్పై మూడు వారాల నాలుగు రోజులకి ఆపరేషన్‌తో కన్నాను. నన్ను ఒక్కరోజూ పడుకోమనలేదు. కళ్ళెదుట ఉండమన్నారు, అంతే. ‘కనిపెట్టుకుని ఉండటం’, ‘కదలకుండా ఉంచడం’ రెండు వేరు పనులు. రెండూ ఒకే మంచం మీద జరుగుతాయి కాబట్టి వందేళ్ళుగా కలిసిపోయాయి.

వార్డుకి అలవాటు పడటమంటే కాలాన్ని కొత్తగా లెక్కపెట్టడం. అక్కడ సోమవారం, మంగళవారం ఉండవు. ‘ఇరవై తొమ్మిది ప్లస్ రెండు’, ‘ఇరవై తొమ్మిది ప్లస్ మూడు’ ఉంటాయి. పొద్దున బెల్టులు కడితే ఒక గుండె దొరికేలోపు ఇంకోటి జారిపోయేది. సిస్టర్ నవ్వుతూ వెతికేది, నేను నవ్వకుండా వినేదాన్ని. భోజనం తర్వాత కారిడార్‌లో ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు నడక. నా ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంది, జీతం పడుతూనే ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

ఎందుకంటే పక్క మంచం మీద కామారెడ్డి వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. ఆమెకీ కవలలే, కానీ వేరువేరు సంచుల్లో. రక్తస్రావం లేదు, బీపీ లేదు. అయినా కేస్ షీట్ మీద ‘కంప్లీట్ బెడ్ రెస్ట్’ అని రాసి ఉంది. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఆయాని బతిమాలుకోవాలి. “నడిస్తే పిల్లలు జారిపోతరంట గదా అక్కా, నువ్వెట్ల తిరుగుతున్నవ్?” అని అడిగేది. సాయంత్రం వాళ్ళాయన ఫోన్ చేస్తే ఆ రోజు బిల్లెంతైందో, ఇన్నాళ్ళలో ఎన్ని వేల బీడీల కూలి పోయిందో లెక్కేసుకునేవాళ్ళు. మూడో వారంలో ఆమెకి ఒక పిక్క వాచింది. గడ్డ కట్టిందేమోనని స్కానింగుకి పరిగెత్తించారు. అదృష్టం, ఏమీ లేదు. మర్నాడు రౌండ్స్‌లో పెద్ద డాక్టరమ్మ “కాస్త నడువమ్మా” అంది. నిన్నటిదాకా ఎందుకు నడవకూడదో, ఇవాళ ఎందుకు నడవాలో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఆషర్ 1947లో రాసిన ప్రమాదాల జాబితా నేను చదివింది ఆ రాత్రే.

ఈ చరిత్ర చదివి ‘విశ్రాంతి అక్కర్లేదు’ అనుకుంటే మళ్ళీ తప్పు దారే పడతాం. హరారేలో ఓడిపోయింది మంచం. చాకిరీ నుంచి సెలవు ఓడిపోలేదు, దాన్నక్కడ ఎవరూ పరీక్షించనే లేదు. మన చట్టం 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి ఇరవై ఆరు వారాల సెలవిస్తుంది, అందులో ఎనిమిది కాన్పుకి ముందు వాడుకోవచ్చు. కవలలకని ఒక్క వారం కూడా అదనంగా లేదు. ఉన్నదైనా నాలాంటి ఉద్యోగస్తులకే నికరంగా చేతికొస్తుంది. ఇంట్లో కూర్చుని వెయ్యికి ఇంతని బీడీలు చుట్టే మనిషికి ఎవరు సెలవివ్వాలి? ఎవరూ ఇవ్వరు కాబట్టి మంచం రాస్తారు. మంచం ఖర్చు ఆమెదే, పోయిన కూలీ ఆమెదే, ఏదైనా జరిగితే లేచి తిరిగిందన్న నింద కూడా ఆమెదే.

పినార్ లెక్కలో కనపడిన ఆ మూడు వందల గ్రాములకి ఇంకా బాకీ ఉన్నాం. అది కట్టాల్సింది మంచాలతో కాదు.